వయసుతో తేడా తగ్గును

నాకు శాలువా కప్పిన ప్రతిసారీ ఊళ్ళో ఎవరికో ఒకరికి ఇబ్బంది వచ్చి పడుతుంది. మొదట్లో ఇది నా జాతక దోషమనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇది నా ఉద్యోగ ధర్మమేనని.

నా పేరు ముక్తేశ్వరరావు. కాకినాడలో మేధో వికాస మండలి అని ఒకటుంది, అందులో భాషాధికారిని. ఆ మండలి ఎక్కడుందని అడగకండి, ఎందుకుందని కూడా అడగకండి. మొదటిదానికి ఆటోవాళ్ళ దగ్గరా, రెండోదానికి మా దగ్గరా జవాబు లేదు. ఆటిజం ఉన్నవాళ్ళ కోసం సర్పవరం రోడ్డులో ఒక పగటి కేంద్రం నడపడం, ఒక బస్సు తిప్పడం మండలి పనులు. ఆ రెండూ బాగానే నడుస్తాయి, ఎందుకంటే వాటిని నడిపేది మేం కాదు, మేరీ గారని ఒక టీచరూ, ఏసుబాబు అని ఒక డ్రైవరూను.

ఇంగ్లీషులో వచ్చిన కాగితాన్ని తెలుగు చెయ్యడం నా పని. ఎంత పొడుగు వాక్యాన్నైనా అరచెయ్యంత చేస్తానని నాకు పేరు. కిటుకు పెద్దదేం కాదు. అర్థం కాని మాటలన్నీ తీసేస్తాను, మిగిలినవి చక్కగా అర్థమవుతాయి. దీన్ని మా ఆఫీసులో క్లుప్తత అంటారు. ఈ క్లుప్తతకే మండలి నాకు రెండుసార్లు శాలువా కప్పింది. అంతటితో ఊరుకోక, తెలుగు ప్రతికీ ఇంగ్లీషు ప్రతికీ తేడా వస్తే తెలుగు ప్రతే చెల్లుతుందని నిబంధనల్లో ఒక సవరణ కూడా పెట్టించాను. భాషాభిమానం అన్నారందరూ. నేనూ అదే అనుకున్నాను.

ఇలా ఉండగా మా అధ్యక్షులు గజేంద్రరావు గారు విశాఖపట్నంలో మెదడు మీద ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. అంతకుముందు ఏడాది ఆయన యోగా సదస్సుకి వెళ్ళొచ్చి మమ్మల్ని ఫైళ్ళ మధ్య పద్మాసనం వేయించారు కాబట్టి, ఈసారి కూడా ఏదో ఒకటి జరుగుతుందని అందరం సిద్ధపడే ఉన్నాం. ఆఫీసు మొదలవగానే అందరికీ తలో అక్రోటుకాయ పంచమన్నారు, అది మెదడు ఆకారంలో ఉంటుందట. క్యాంటీన్‌లో భేజా ఫ్రై ఆపించారు, గౌరవ సూచకంగా. ఆయన గదిలో తాతగారి ఫొటో తీసి మెదడు పటం పెట్టారు. దండ మాత్రం అదే దండ.

సదస్సులో పంచిన ఒక కరపత్రాన్ని ఆయన నా బల్ల మీద పెట్టి, "దీన్ని మీ పద్ధతిలో తెలుగులోకి దించండి ముక్తేశ్వర్రావ్ గారూ. జనం నోట్లో నానాలి," అన్నారు.

కరపత్రంలో ఒక బొమ్మ ఉంది. రెండు గీతలు. ఒకటి మామూలు పిల్లల మెదడు వయసుతో ఎలా పెరుగుతుందో చూపే సగటు గీత, రెండోది ఆటిజం ఉన్న పిల్లలది. చిన్న వయసులో రెండింటికీ ఎడం బాగా ఉంది. పోను పోను దగ్గరకొచ్చాయి. దాని కింద అయిదు లైన్ల వాక్యం ఒకటి. అందులో 'కొందరిలో' ఉంది, 'కొన్ని భాగాల్లో' ఉంది, 'పరిమాణంలో' ఉంది, 'సగటున' ఉంది, 'ఇప్పటిదాకా జరిగిన కొన్ని పరిశీలనల్లో' అని కూడా ఉంది. పెళ్ళింట్లో దారికడ్డంగా కూర్చున్న చుట్టాల్లా ఉన్నాయవన్నీ. ఒక్కొక్కరినే లేపి మర్యాదగా బయటికి పంపించేశాను. చివరికి మిగిలింది ఇది: వయసుతో తేడా తగ్గును.

రాసుకున్నాక నాకే ముద్దొచ్చింది. మూడే మాటలు. నా లెక్కలో తేడా అంటే రెండు గీతల మధ్య ఎడం, తగ్గును అంటే ఆ ఎడం చిన్నదవుతుందని. కానీ మన ఊళ్ళో 'వాడు కొంచెం తేడా' అంటే అర్థమేమిటి? 'జ్వరం తగ్గింది' అంటే జ్వరం చిన్నదైందనా, పోయిందనా? ఈ సంగతి ఆ పూట నాకు తట్టలేదు. భాషాధికారికి భాష తట్టకపోతే ఇంకెవరికి తడుతుందన్నయ్యా అని మా చెల్లెలు తర్వాత అడిగింది.

మండలి సమావేశంలో నా వాక్యం చదవగానే గజేంద్రరావు గారు కుర్చీలోంచి లేచారు.

"తగ్గుతుందా! ఏవండీ, తగ్గిపోతుందని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటండీ? తగ్గిపోయేదానికి మనం కేంద్రం పెట్టి, బస్సు పెట్టి, ఇంత హైరానా పడ్డవేంటి?"

మా కార్యదర్శి విద్యుల్లత గారికి తేదీ లేని వాక్యం కనిపిస్తే నిద్రపట్టదు. "ఎన్నేళ్ళకి తగ్గుతుందో ఖరారు చేసుకోవాలి కదండి. లేకపోతే అమలు కష్టం," అన్నారు.

అందరం బొమ్మ జిరాక్సు ముందేసుకున్నాం. మా జిరాక్సు మిషను పాతది, ఇంకు అలుక్కుపోతుంది. అసలు కరపత్రంలో చివరిదాకా విడివిడిగా ఉన్న గీతలు మా కాపీలో పద్దెనిమిదో ఏట కావలించుకుని ఒకటైపోయాయి.

"పద్దెనిమిది," అన్నారు గజేంద్రరావు గారు. "ఓటు హక్కు కూడా అప్పుడే కదా. శాస్త్రమూ రాజ్యాంగమూ ఒక్క మాట మీదున్నాయి."

అది మిషను తప్పండీ అని అనబోయాను. అంతలో ఆయన శాలువా తెమ్మని సైగ చేశారు. శాలువా వస్తున్నప్పుడు నోరు తెరవడం సభా మర్యాద కాదు. తలొంచాను, కప్పారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది: 'పద్దెనిమిది సంవత్సరములు నిండిన లబ్ధిదారుల యందలి తేడా, వారి ఇష్టాయిష్టములతో నిమిత్తము లేకుండా, తగ్గినట్లుగా భావించవలెను. అట్లు తగ్గినవారిని కేంద్రము నుండి సగౌరవముగా విముక్తులను చేయవలెను.'

ఆ వారంలోనే నా మూడు మాటలూ ఊరి గోడలెక్కాయి. కేంద్రం బస్సుకి రెండు పక్కలా పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో రాయించారు. నేను స్కూటరు మీద వెళ్తూ చదువుకుని, కొంచెం ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి మళ్ళీ చదువుకునేవాణ్ణి.

జగన్నాథపురం నుంచి మా చెల్లెలు సత్యవేణి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, హైమకి తగ్గిపోయిందని మీ ఆఫీసు నుంచి కాగితవొచ్చింది. అభినందనలంట. దానికి ఒంట్లో బానే ఉంది కదా, ఏం తగ్గింది?"

హైమ నా మేనకోడలు. పంతొమ్మిదేళ్ళు. ఆటిజం ఉందని చిన్నప్పుడే చెప్పారు. పదేళ్ళ నుంచీ కేంద్రానికి వెళ్తోంది, ఈ మధ్య అక్కడ మందుల షాపులకి కాగితపు కవర్లు అంటిస్తోంది. బస్సులో డ్రైవరు వెనక కిటికీ సీటు తనది. హారను మోతకి చెవులు మూసుకోవాల్సి వస్తుంది కాబట్టి ఎప్పుడూ మెడలో హెడ్‌ఫోన్లుంటాయి. మాటలు తక్కువేం కాదు, వృథా లేవంతే. నేను ఇంట్లో స్నానానికి కూడా లేవకుండా ఫోన్లో "ఇదిగో, వచ్చేస్తున్నా," అంటానని తెలిసిపోయి, ఆ మాటకి తన లెక్కలో అర్థం మార్చుకుంది. వచ్చేస్తున్నా అంటే ఇంకా బయల్దేరలేదని.

వాళ్ళింటికి వెళ్ళాను. కాగితం హైమ చేతిలోనే ఉంది.

"మావయ్యా, ఏం తగ్గింది?"

"తేడా అమ్మా."

"దేనికీ దేనికీ తేడా?"

నిజం చెప్పాలంటే నాకు తెలియలేదు. రెండు గీతలకి అనవచ్చు, కానీ ఆ రెండు గీతల్లో ఒకటైనా హైమ గీయించుకున్నది కాదు. "పెద్దయ్యావని అర్థం," అని తప్పించుకున్నాను.

"పెద్దయితే బస్సు రాదా?"

"వస్తుంది, వస్తుంది. నేను మాట్లాడతాగా."

నేను మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న హైమ టిఫిన్ బాక్సుతో వీధి మొగలో నిలబడింది. బస్సొచ్చింది, ఆగకుండా పోయింది. ఏసుబాబు తల పక్కకి తిప్పుకున్నాడట. ఆ మర్నాడూ నిలబడింది, ఆ పై రోజూ నిలబడింది. రోజూ నా మూడు మాటలు దాని ముందు నుంచి వెళ్ళిపోయేవి, పొద్దున్న ఎడమ పక్కవి. సాయంత్రం తిరుగు బస్సుకి కుడి పక్కవి.

చెల్లెలు ఏసుబాబుని నిలదీస్తే పాపం చేతులు జోడించాడు. "ఆర్డరండమ్మగారూ. తగ్గినోళ్ళకి బండాపితే నా ఉద్యోగవే తగ్గించేత్తారండి."

ఇంతలో మా అధ్యక్షులకి మరో ఆలోచన వచ్చింది. తేడా తగ్గినవారికి సన్మానం. టౌన్‌హాల్లో పెద్ద సభ, బ్యాండు మేళం, పూలదండలు, శాలువాలు. వ్యాఖ్యాత ఎవరని మీరు అడగనక్కర్లేదు. తెల్ల లాల్చీ వేసుకుని నేనే మైకు దగ్గర నిలబడ్డాను.

"నిన్నటిదాకా తేడాగా ఉన్న ఈ బిడ్డలు," అని గజేంద్రరావు గారు గొంతు పెంచారు, "నేడు మండలి కృషి ఫలితంగా, శాస్త్రీయంగా, ఉత్తర్వు నంబరుతో సహా, మనతో సమానవైపోయారని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

మైకు కీచుమంది. బ్యాండు వాళ్ళు చప్పట్లకి బదులు డోలు దంచారు. వేదిక మీద వరసగా కూర్చోబెట్టిన యువతీ యువకుల్లో ఒకబ్బాయి కుర్చీ కిందికి దూరాడు. ఇంకో అమ్మాయి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెట్టింది. హైమ లేచి, భుజాల మీది శాలువాతోనే మెట్లు దిగి, బయట సైకిల్ స్టాండులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. మర్యాదగానే వెళ్ళింది, నాకు చెప్పే వెళ్ళింది: "మావయ్యా, చప్పుడు." నేను మైకులో "చిరంజీవి హైమ ఆనందం పట్టలేక," అని ఏదో అన్నాను. జనం చప్పట్లు కొట్టారు.

విద్యుల్లత గారు మాత్రం కళ్ళు మూసుకునే మనిషి కాదు. వారం తిరక్కుండా హైమకి మెమో వెళ్ళింది. 'మండలి ఉత్తర్వులకు అనుగుణముగా తేడా తగ్గించుకొనవలసిన తమ మెదడు, నిర్ణీత వయసు దాటిన పిమ్మట కూడా బహిరంగముగా తేడా ప్రదర్శించినట్లు గమనించడమైనది. తమ మెదడుపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

"మెదడు సంజాయిషీ ఎలా ఇస్తుందన్నయ్యా?" అంది సత్యవేణి.

"తల్లి సంతకం పెడితే చాలు," అన్నాను. ఆ మాట అన్నది నేనే. నా నోటిని అప్పుడప్పుడు ఆఫీసు వాడుకుంటూ ఉంటుంది.

ఆ తర్వాతి సోమవారం ఆఫీసులో ఉండగా సత్యవేణి ఫోన్. ఏడుస్తోంది. హైమ కనపడటం లేదు. పొద్దున్న వీధి మొగకి వెళ్ళింది, బస్సు వెళ్ళిపోయింది, పిల్ల తిరిగి రాలేదు. వంతెన మీద చూశారు, గుడి వీధిలో చూశారు, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. "నీళ్ళ వైపెళ్ళిందేమో అన్నయ్యా, ఉప్పుటేరు పక్కనే," అంటూ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

స్కూటరు తీసి కేంద్రం బస్సు వెళ్ళే దారి పట్టాను. దారి పొడుగునా గోడల మీద నా వాక్యం. మెయిన్ రోడ్డులో ఉంది, బస్ కాంప్లెక్సు దగ్గరుంది, భానుగుడి జంక్షన్‌లో ఉంది. జీవితంలో మొదటిసారి నా రాత నాకు అసహ్యమేసింది.

హైమ కేంద్రం గేటు బయట కూర్చుని ఉంది. రోజూ కిటికీలోంచి చూసిన దారే కదా, ఆ దారినే నడుచుకుంటూ వచ్చేసింది. ఒక చెప్పు తెగి ఉంది. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎండకి తల మీద సన్మానం శాలువా వేసుకుంది. ఒళ్ళో టిఫిన్ బాక్సు.

కాపలా మనిషి నన్ను చూసి లేచాడు. "తగ్గిపోయినోళ్ళని లోపలికి రానివ్వొద్దన్నారండి. ఇదుగోండి పేపరు. మంచినీళ్ళు మట్టుకిచ్చానండి." అతని చేతిలో ఉన్నది నా వాక్యమే, లామినేషన్ చేసింది.

"మావయ్యా, గేటు తియ్యమను. కవర్లు అంటించాలి," అంది హైమ.

"ఇవాళ కాదమ్మా. ఇంటికెళ్దాం, అమ్మ కంగారు పడుతోంది."

అది లేవలేదు. గేటు లోపల ఆపి ఉన్న బస్సు వైపు చూపించింది. "అది రాసింది నువ్వా?"

"ఆ."

"అబద్ధం రాశావు."

"అబద్ధం కాదమ్మా. పెద్ద వాక్యాన్ని క్లుప్తంగా రాశాను."

హైమ బస్సు మీది అక్షరాలు ఇంకోసారి చదివింది. "క్లుప్తంగా అబద్ధం రాశావు," అంది.

దాన్ని స్కూటరు ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను. సత్యవేణి దాని పాదాలు కడుగుతూ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు.

అక్కణ్ణించి తిన్నగా అధ్యక్షుల గదికి వెళ్ళాను. కరపత్రం అసలు ప్రతి ఆయన ముందు పెట్టి, నేను తీసేసిన మాటలన్నీ వరసగా చదివి, వాక్యం తప్పు, మార్చండి అన్నాను.

గజేంద్రరావు గారు జాలిగా నవ్వారు. "గోడల మీద రాయించేశాం కదండీ బాబూ. ఇప్పుడీ కొందరిలో, కొన్నిట్లో అంటే జనం ఏవనుకుంటారు? మండలికి నికరంగా ఏదీ తెలీదనుకోరూ?"

విద్యుల్లత గారు నిబంధనల పుస్తకం తెరిచారు. "ఇంగ్లీషు ప్రతిలో ఏవున్నా చెల్లదండి. తెలుగు ప్రతే ప్రామాణికం. సవరణ మీరు పెట్టించిందే కదా."

ఇలా నేను తవ్విన గొయ్యిలో నేనే పడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఆఫీసులో ఎవరినీ కాదని ఒప్పించిన దాఖలా లేదు. ఔనంటే మాత్రం ఎంత దూరమైనా వస్తారు. నేను ఉద్యోగమంతా ఔనంటూనే గడిపినవాణ్ణి, ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. మొదటిసారి దాన్ని ఒక పనికి వాడదామనుకున్నాను.

"మీరన్నదే నిజవండి," అన్నాను. "వయసుతో తేడా తగ్గుతుంది. పద్దెనిమిదికే పూర్తిగా తగ్గితే, యాభై దాటిన మన బోటివాళ్ళలో తేడా అన్నది బొత్తిగా ఉండకూడదు. ఆ సంగతి జనానికి రుజువు చెయ్యొద్దాండి? ముందు అధ్యక్షులవారి మెదడు, తర్వాత కార్యదర్శిగారిదీ నాదీ స్కానింగ్ తీయించి, సగటు గీత పక్కన పెట్టి చూపిస్తే..."

గజేంద్రరావు గారి కళ్ళు మెరిశాయి. "నా మెదడు ఫొటో... గోడ మీదా?"

"నిలువెత్తుదండి."

విద్యుల్లత గారు అప్పటికే ఉత్తర్వు రాసేస్తున్నారు: 'తేడా బొత్తిగా లేదని నిరూపించుకొనిన అధికారులు మాత్రమే తమ తమ స్థానములలో కొనసాగుటకు అర్హులు.' గజేంద్రరావు గారు చదవకుండానే సంతకం చేశారు. ఫొటో ఎక్కడ పెట్టాలా అని గోడ వైపు చూస్తున్నారప్పుడు.

ముగ్గురం స్కానింగ్ చేయించుకున్నాం. ఫలితాలు చెప్పడానికి డాక్టర్ షహనాజ్ గారు మండలి హాలుకి వచ్చారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తెర మీద మా మూడు మెదళ్ళూ పక్కపక్కన వేశారు. నాది గుర్తుపట్టలేకపోయాను. ఎప్పుడూ కలిసింది లేదు కదా.

"అధ్యక్షులవారితో మొదలెడతానండి," అన్నారావిడ. "వయసుతో పాటు మీకు తగ్గింది."

"తగ్గిందా!" గజేంద్రరావు గారు బల్ల చరిచారు. "చూశారా! కాజాలు తెప్పించండి!"

కాజాల బుట్ట వచ్చింది. ఆయన ఒకటి నోట్లో పెట్టుకున్నాక డాక్టరు గారు వాక్యం పూర్తి చేశారు. "తగ్గిందంటే మెదడు సైజండి."

కాజా ఆగిపోయింది. ఎంతో కష్టపడి మింగి, "ఎంత... తగ్గిందంటారు?" అన్నారాయన.

"కంగారేం లేదండి. వయసుకి తగ్గట్టే తగ్గింది. అందరికీ తగ్గుతుంది. ముక్తేశ్వరరావు గారికి ఇంకాస్త ఎక్కువ తగ్గింది."

అందరూ నా వైపు చూసి, ఇందులో ఆశ్చర్యమేముందన్నట్టు మళ్ళీ తెర వైపు తిరిగారు.

"అది సరేగానీ, సగటుకీ మాకూ తేడా లేదు కదండీ?" అన్నారు విద్యుల్లత గారు.

"ఉందండి. మీకు ఒక భాగం గీతకి పైనుంది, ఇంకోటి కిందుంది. ఆయనకి తిరగేసి ఉంది. సగటు మెదడు ఎవరి తలలోనూ ఉండదండి, కాగితం మీదే ఉంటుంది."

గజేంద్రరావు గారు నా కరపత్రం జిరాక్సు ఎత్తి చూపించారు. "మరి ఇందులో పద్దెనిమిదికి కలిసిపోయాయి కదా?"

డాక్టరు గారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఇంకు అలుక్కుందండి," అన్నారు. తర్వాత మా మీద జాలిపడి కూర్చుని వివరించారు. "ఆటిజం ఉన్న కొందరు పిల్లల్లో చిన్నతనంలో మెదడులో కొన్ని భాగాలు తొందరగా పెరుగుతాయి. తర్వాత నెమ్మదిస్తాయి. అందుకని పెద్దయ్యాక సైజు కొలిస్తే, సగటున, మిగతావాళ్ళకీ వీళ్ళకీ ఎడం అంతగా కనపడకపోవచ్చు. కొన్ని భాగాల్లో అలాగే ఉండొచ్చు కూడా. అన్ని పరిశీలనలూ ఒకేలా చెప్పలేదు. అంతేగానీ మనిషి మారిపోయారని కాదు. ఇద్దరు రాజమండ్రి వెళ్ళారనుకోండి, ఒకరు రైల్లో, ఒకరు లాంచీలో. ఇద్దరూ ఇప్పుడు ఒక్క ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి ఇద్దరూ రైల్లోనే వచ్చారంటే ఎలాగండి? సైజు దగ్గరకొస్తే ఇక సాయం అక్కర్లేదని ఎవరన్నారు మీకు?"

హాల్లో ఉన్నవాళ్ళందరూ నన్ను చూశారు. నేను ఒక కాజా తీసుకున్నాను. చేతికి ఏదో ఒక పని ఉండాలి కదా.

అప్పుడు మొదలైంది అసలు తిరకాసు. విద్యుల్లత గారు నిబంధనకి కట్టుబడిన మనిషని చెప్పాను కదా. ఉత్తర్వు ప్రకారం తేడా బొత్తిగా లేనివారే పదవిలో ఉండాలి. నివేదిక ప్రకారం ముగ్గురిలోనూ తేడా ఉంది. సాయంత్రానికల్లా అధ్యక్షులకి ఒక మెమో, నాకో మెమో తయారుచేశారు. మూడోది తన పేరుకే రాసుకుని, తన చేత్తోనే అందుకుని, ముట్టినట్టు సంతకం పెట్టుకుని, తనని తానే ఒకసారి తీవ్రంగా చూసుకున్నారు. ముగ్గురి మెదళ్ళూ ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

గజేంద్రరావు గారు చెమటలు తుడుచుకున్నారు. "విద్యుల్లత గారూ, నేనండీ! అధ్యక్షుణ్ణి!"

"మీ మీద నాకు గౌరవవేనండి. మెమో మీ మెదడుకి."

"ఇప్పుడేం చెయ్యవంటారు ముక్తేశ్వర్రావ్ గారూ? ఏదన్నా రాయండి! మీ చేతిలో పనే కదా!"

నేను అప్పటికే రాసి జేబులో పెట్టుకున్నది తీసి ముందు పెట్టాను. 'వయసు ఎంతైనను, మెదడు ఎట్లున్నను, తేడా కలిగియుండుట దోషము కానేరదు. లబ్ధిదారులు, అధికారులు ఎవరైనను తేడా కారణముగా గాని, తేడా తగ్గినదన్న కారణముగా గాని తమ తమ స్థానముల నుండి తొలగింపబడరాదు. ఇదివరలో తొలగింపబడినవారు తక్షణమే తమ స్థానములలో కూర్చుండవలెను.'

"కొంచెం పొడుగైంది. మీ పద్ధతిలో కుదిస్తారా?" అన్నారాయన అలవాటుగా.

"కుదించనండి," అన్నాను. "ఇందులో ఒక్క మాట తీసినా ముందు పోయేది అధికారులే."

కలం అక్కడికక్కడే తీశారు. ఆయన తన కుర్చీ కాపాడుకున్నారు, దాని వెనకాలే డ్రైవరు వెనక కిటికీ సీటు కూడా వచ్చేసింది. సంతకం అయ్యాక సంతోషం పట్టలేక శాలువా తెమ్మన్నారు. వద్దంటే వినలేదు. కప్పేశారు.

బస్సు మీది పాత రాత చెరిపించి కరపత్రంలోని అసలు వాక్యాన్ని పూర్తిగా, ఒక్క మాట వదలకుండా తెలుగు చేసి ఇచ్చాను. పెయింటరు దాన్ని చూసి తల పట్టుకున్నాడు. ఎడమ పక్క మొదలెట్టి, వెనక అద్దం కింద నుంచి తిప్పి, కుడి పక్క ముగించాడు. ఊళ్ళో ఎవరూ దాన్ని పూర్తిగా చదివి ఉండరు. బస్సు చుట్టూ నడవాలి మరి.

మర్నాడు పొద్దున్నే నేను వీధి మొగకి వెళ్ళాను. హైమ పాదాలకి కట్లతో, కొత్త చెప్పులతో నిలబడి ఉంది. పక్కనే సత్యవేణి. బస్సు రావడం ఆలస్యమైంది. నేను ఏసుబాబుకి ఫోన్ చేశాను.

"వచ్చేత్తన్నానండీ," అన్నాడు.

"ఇంకా బయల్దేరలేదు," అంది హైమ.

కాసేపటికి బస్సు వచ్చింది. ఆగింది. ఏసుబాబు కిందికి దిగి తలుపు తీశాడు, ఎప్పుడూ దిగేవాడు కాదు. కిటికీ సీటు ఖాళీగా ఉంది. హైమ టిఫిన్ బాక్సు లోపల పెట్టుకుని, తన సీట్లో కూర్చుని, కిటికీ అద్దం తీసింది. సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. నాకు ఆనందంగా ఉంది, గర్వంగా కూడా ఉంది. ఇంత చేశాక ఒక మంచిమాట వినాలనిపించడం మానవ సహజం. నా బోటివాడికి మరీ సహజం. కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఏమ్మా, మావయ్య మీద కోపం తగ్గిందా?"

హైమ హెడ్‌ఫోన్లు చెవుల మీంచి కిందికి దించి, ప్రశ్న గురించి ఆలోచించి, నా మొహంలోకి చూసింది.

"కోపం తగ్గలేదు," అంది.

బస్సు కదిలిపోయింది. నేను అక్కడే నిలబడి, పాత అలవాటు చొప్పున, ఆ వాక్యంలో ఏ మాట తీసెయ్యొచ్చా అని చూశాను. ఉన్నవే రెండు మాటలు. తీసెయ్యడానికి ఒక్కటీ దొరకలేదు.